సౌడు గంప

దవాఖానలో చాలామందికి సమ్మమ్మ పేరు తెలియదు. ‘మిషినామె’ అనేవాళ్లు. చెరువు రేవులో ఆమె పేరు తెలియనివాళ్లు లేరు గాని, అక్కడ ఆ పేరు పలికేవాళ్లు లేరు.

అరవైల మొదట్లో హన్మకొండలో ఒక దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేశాను. నా వెనక ఇంకో కిటికీ ఉండేది. అది తెరిస్తే బట్టలుతికే గది, దాని ముందర చిన్న అరుగు, అరుగు అవతల దండేల మీద వరసగా ఆరేసిన తెల్ల దుప్పట్లు కనిపించేవి. ఆ గదిలో ఉండేది మిషను. ఊరు విడిచి వెళ్లిపోతూ ఒక దొర డాక్టరు వదిలేసిన పాత సామాను. అక్కడక్కడా పెచ్చులూడిన పింగాణీ తొట్టి, నాలుగు కాళ్లు, తొట్టి నడుమ రెక్కలున్న కడ్డీ, పైన బట్టలు పిండే రబ్బరు రోలర్లు, కింద మోటారు. స్విచ్ వేస్తే రెక్కలు ఓసారి ఇటు, ఓసారి అటు తిరుగుతూ బట్టలను కుమ్మేవి.

అంతకుముందు దవాఖాన బట్టలు చెరువుకే పోయేవి. మిషను నడపడానికి ఒక మనిషి కావాలని మేనేజరు రేవుకు కబురు పంపితే, చాకలి కులపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. “ఆ మిషిని మన నోటికాడి బుక్క గుంజుకుంటాంది. దాన్ని ముట్టినోళ్లకు రేవుల బండ లేదు, మనల మాట లేదు” అని తీర్మానించారు.

సమ్మమ్మ భర్త కట్టయ్య అప్పటికే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. కట్టయ్య బట్టలుతికే ఇండ్లన్నీ తమ్ముడు రాయమల్లు చేతికి వెళ్లాయి. రాయమల్లు చెడ్డవాడు కాదు, ఉండమనే అన్నాడు. కానీ ఆమెకు మరిది ఇంట్లో ప్రతి ముద్దకూ చెయ్యి చాపడం మనస్కరించలేదు. ఒకనాడు పొద్దున్నే దవాఖాన గేటు ముందర వచ్చి నిలబడింది. మర్నాటి నుంచి రేవులో ఆమె బండ మీద కూడా రాయమల్లే బట్టలు ఉతికాడు.

మధ్యాహ్నం నేను డబ్బా తీసుకొని ఆ అరుగు మీదికే వెళ్లేదాన్ని. అక్కడ నీడ ఉండేది, చదువుకోవడానికి సందు ఉండేది. సమ్మమ్మ నా పుస్తకాన్ని పట్టించుకునేది కాదు, నేను ఆమె మౌనాన్ని కదిలించేదాన్ని కాదు. ఒకసారి తనంతట తానే మొదలుపెట్టింది.

“రేవుల గుడ్డ చేతికొస్తే ఇల్లు కండ్ల ముందటికొస్తుండె బిడ్డా. అంచుకు జీడిగింజ నల్లరసంతోని గుర్తు పెడ్తం గద. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. గీ చీర సేట్లింటిది, గీ పంచె వకీలు సాబుది. ఎవలింట్ల పుట్టిన్రు, ఎవలింట్ల పెండ్లున్నది, అన్నీ గుడ్డలే చెప్పేటియి.” దండెం వైపు చూసింది. “గీ దుప్పట్లకు ఇల్లు లేదు, వాకిలి లేదు.”

అంతమాత్రం చెప్పి, లేచి లోపలికి వెళ్లింది. రేవులో బట్ట బండకు కొట్టినప్పుడల్లా పక్కవాళ్లతో కలిపి ‘ఇస్సో’ అంటారు. గది లోపల మిషను రెక్క తిరిగినప్పుడల్లా ఆమె ఒక్కతే సన్నగా ‘ఇస్సో’ అనడం నాకు వినిపించేది.

వారమంతటిలో ఆమె గొంతు పెరిగే రోజు బుధవారం. ఆ రోజు మల్లక్క వచ్చేది. మల్లక్క రాయమల్లు పెండ్లాం, సమ్మమ్మకు యారాలు. తోడికోడలిని మావైపు అలాగే అంటారు. తల మీద గంప నిండా సౌడు, అంటే పరకాల తొవ్వలో చవిటి నేల మీద గీకి తెచ్చిన తెల్లటి మట్టి. సబ్బు రాకముందు నుంచీ చాకలివాళ్లు బట్టలను ఆ మట్టినీళ్లలోనే నానేసేవారు. “దవాఖానోల్లకు సౌడు గావాల్నట, పోసొస్త” అని ఇంట్లో చెప్పి మల్లక్క బయల్దేరేది. అమ్మకానికి వెళ్లినదాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ గంప నెత్తిన ఉన్నంతసేపూ ఆమె మిషినామె ఇంటి మనిషి కాదు, సరుకు మోసుకొచ్చే మనిషి.

గంప దించి ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్లు. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి గాడిద తప్పిపోయిందో, ఏ ఇంటివాళ్లు పండుగ అన్నం తక్కువ పెట్టారో అంతా మల్లక్క చెప్పేది. చెప్తూ పళ్లన్నీ కనబడేలా నవ్వేది. సమ్మమ్మ మధ్యమధ్యలో, తర్వాతేమైంది అన్నట్టు, “మల్ల?” అనేది. అంతకంటే ఎక్కువ మాట్లాడేది కాదు, కానీ ఆ ‘మల్ల?’ కోసం ఆమె వారమంతా కాచుకునేదని చూస్తే తెలిసేది.

ఇట్లా నడుస్తుండగా ఒక వానాకాలం మిషను కారడం మొదలైంది.

మొదట తొట్టి కాలు దగ్గర చిన్న తడి. తర్వాత మడుగు. మేనేజరు వచ్చి చూసి, ప్యాంటు పైకి లాగి పట్టుకొని గడప దగ్గరే నిలబడ్డాడు. “కింద మోటారున్నది. నీళ్లల్ల కరెంటు పారిందంటే పీనుగు లేస్తది. బాగైతే సరే, లేకుంటే పాత సామాన్లోనికి అమ్మేస్త. బట్టలు మల్ల చెరువుకే పంపిస్త.”

బట్టలు చెరువుకు వెళ్తే వాటి వెంట సమ్మమ్మ వెళ్లలేదు. అక్కడ ఆమెకు బండ లేదు, ఇండ్లు లేవు.

స్టేషన్ రోడ్డులో ఆయిలింజన్లు, పంపులు బాగుచేసే పాండురంగాన్ని పిలిపించారు. పొట్టిమనిషి, చెవి మీద బీడీ. గొట్టం చూశాడు, అడుగున ఉన్న నల్లా చూశాడు. నల్లాకు కొత్త వాషరు వేసి, తొట్టి నిండా నీళ్లు నింపించి గొంతుక్కూర్చున్నాడు. చుక్క పడలేదు.

“చూసినవా సమ్మక్కా, బంద్! ఇగ బేఫికర్గ ఉండు.”

“జర తిప్పి చూడు మిస్త్రీ. ఉత్తగ నిలవడ్డప్పుడు అదెన్నడు కారలే. తిరిగేటప్పుడే కారుతది.”

స్విచ్ వేశాడు. కాసేపటికి తొట్టి కాలి వెంబడి నీళ్లు జారి అతని చెప్పు కిందికి వచ్చాయి.

“ఓర్నీ! నా చెప్పునే ఎతుక్కుంట వచ్చింది” అన్నాడు.

కాలు అతికించిన చోట కన్నం పడిందనుకొని అక్కడ లప్పం పెట్టాడు. మర్నాడు లప్పం అట్లాగే ఉంది, నీళ్లూ అట్లాగే ఉన్నాయి. మళ్లీ కబురు వెళ్లింది. ఈసారి పాండురంగం వచ్చింది బుధవారం. సమ్మమ్మ నీలిమందు డబ్బా ముందర పెట్టుకొని ఉంది. తెల్ల బట్టలకు నీలి పెట్టడం బుధవారం పని. మల్లక్క అప్పుడే వచ్చి గంప దించింది.

పాండురంగం తొట్టి కింద పడుకొని తల గోక్కున్నాడు. “ఎక్కడనో పుట్టి ఇక్కడికొచ్చి పడుతాంది. తొట్టి అడుగు పొంటి పాకుకుంట వస్తాంది. తొవ్వ కనవడ్తలేదు. నీళ్లకు రంగుంటే దొరుకుండె.”

“నీలి పొయ్యాల్నా?” అంది సమ్మమ్మ.

అతను తల బయటికి పెట్టి ఆ డబ్బాను చూశాడు. “పొయ్, పొయ్. ఆగు, ముందుగాల అడుగంత తుడిచి సున్నం పూస్త.”

సున్నం పూశాడు. ఆరేదాకా బీడీ కాల్చాడు. మల్లక్క అతన్ని ఊరుకోనివ్వలేదు. “ఏం మిస్త్రీ, మిషినికి పెండ్లి జేస్తానవా? సున్నమేసినవ్, ఇగ పందిరి ఎప్పుడేస్తవ్?”

“నువ్వు గట్టిగ నవ్వకు, లప్పం ఊడిపోతది.”

తొట్టిలో నీలి కలిపి స్విచ్ వేశారు. ముగ్గురూ కిందికి వంగారు, కిటికీ దగ్గర నేనూ వంగాను. తెల్లటి సున్నం మీద నీలి చార ఒకటి మెల్లగా కదిలింది. అది కాలి దగ్గర పుట్టలేదు. సరిగ్గా నడుమ, రెక్కల కడ్డీ తొట్టి అడుగును దాటి మోటారు వైపు దిగే చోట పుట్టి, వంపు వెంబడి పాకి, కాలి దగ్గర చుక్కై రాలింది.

“దొరికినవ్ బిడ్డా!” అన్నాడు పాండురంగం మిషనుతో.

కడ్డీ చుట్టూ నీళ్లు జారకుండా తోలు వాషర్లు బిగించి ఉన్నాయి. నీళ్లు తీసేసి, వాటిని విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. అంచులు కొరికినట్టు అరిగిపోయి ఉన్నాయి. కడ్డీ మీద సన్నటి గీతలు. సందులో బూడిదరంగు బురద పేరుకొని ఉంది. దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, నాలుకకు తాకించాడు, తుపుక్కున ఉమ్మాడు.

“సౌడు! దీంట్ల సౌడెవలు పోసిన్రు?”

మల్లక్క కొంగు చివర తీసి గంప మీద కప్పింది. అప్పుడే ఏమైందో చూద్దామని మేనేజరు గడప దగ్గరికి వచ్చాడు.

“నేనే పోసిన” అంది సమ్మమ్మ. “దవాఖాన పౌడరుతోని నెత్తుటి మరకలు పోతలేవు.”

అందులో అబద్ధం లేదు. కాని నిజం అంతా కూడా అందులో లేదు. గంప వస్తే దాన్ని వాడాలి, వాడితేనే మళ్లీ గంప వస్తుంది.

మేనేజరు అరవలేదు. వాచ్‌మన్ కొమురెల్లిని పిలిచి, ఇకనుంచి సౌడు గంప గేటు దాటి లోపలికి రావద్దని చెప్పి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక సమ్మమ్మ పాండురంగాన్ని మెల్లగా అడిగింది. “తేర్చి, మీది తేట నీళ్లే పోస్తే? మట్టి పోదు గద.”

“మట్టి ఆగుతది అక్కా, దాని కారం ఆగదు. తోలును కొరుకుతది. సబ్బుకైతే తట్టుకుంటది గాని, సౌడుకు తట్టుకోదు. నీ చేతులు చూసుకోరాదు.”

ఆమె నిజంగానే చేతులు చూసుకుంది. అరచేతుల్లో తెల్లటి పగుళ్లు. పాండురంగం కొత్త తోలును గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి, మర్నాడు బిగించి వెళ్లాడు. మిషను ఎంతసేపు తిరిగినా నేల తడవలేదు.

ఆ బుధవారమే, గంప ఎత్తుకోకముందు, మల్లక్క అడిగింది. “మరి నేనేం మోసుకొని రావాలె అక్కా?”

“ఉత్తగ రా చెల్లె.”

“ఉత్తగ వస్తే ఎవలన్న చూస్తే ఏమనాలె?”

ఇద్దరూ ఆలోచించారు. మల్లక్క ఉన్నట్టుండి మోకాలి మీద చరుచుకొని నవ్వింది. “ఇది దవాఖాననే గదనే! రోగమొచ్చిందని చెప్త!”

మరుసటి బుధవారం మల్లక్క కడుపు పట్టుకొని నా కిటికీ ముందర నిలబడింది. డాక్టరు చీటీ మీద మిక్చర్ రాశాడు. ఎర్రటి మందు సీసా చంకన పెట్టుకొని తిన్నగా అరుగు మీదికి వెళ్లింది. “కడుపునొప్పి ఎట్లున్నదే?” అని సమ్మమ్మ అడిగితే, “నిన్ను చూడంగనే తగ్గింది” అంది. ఆ నవ్వు నా గదిదాకా వచ్చింది. తర్వాతి వారం నడుం నొప్పి. ఆ పై వారం తల తిరుగుడు. సీసాలు అరుగు మూలన మూత విప్పకుండానే ఉండేవి. “ఏడాదికి ఎన్ని రోగాలుంటయే మనిషికి?” అని సమ్మమ్మ ఆందోళన పడింది. “ఒళ్లు మస్తు పెద్దది అక్కా, ఒక్కోటి ఒక్కో వారం” అంది మల్లక్క.

తల తిరుగుడు మాట విన్నాక రాయమల్లుకు నిజంగానే భయం పట్టుకుంది. అన్నను జ్వరానికి పోగొట్టుకున్నవాడు మరి. తర్వాతి బుధవారం పని మానుకొని పెండ్లాంతో తానూ వచ్చాడు. అతను నా కిటికీ లోపలికి తల పెట్టి అడిగాడు.

“నా పెండ్లానికి ఏం రోగమండి? వారం వారం మందిస్తాన్రు, తక్కువైతలేదు. పెద్ద రోగమా? దాయకుండ చెప్పున్రి.”

నేను నోరు విప్పేలోపు అతని చూపు నా వెనక కిటికీ దాటి అరుగు మీదికి వెళ్లింది. అరుగు మూలన ఎర్ర సీసాలు, పక్కన నిలబడి సమ్మమ్మ. అతను చుట్టూ తిరిగి అక్కడికి నడిచాడు. మల్లక్క వెనకాలే వెళ్లింది.

వదినా మరుదులు ఎదురుపడడం ఆమె రేవు విడిచాక అదే మొదలు. రాయమల్లు ఒక సీసా చేతిలోకి తీసుకొని, నిండుగా ఉన్న మందును చూసి, మెల్లగా కింద పెట్టాడు.

“రోగం లేదన్నట్టేనా?” అన్నాడు.

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. బతికిందన్న సంతోషమూ, మోసపోయానన్న కోపమూ రెండూ ఉన్నాయందులో. తర్వాత గొంతు తగ్గించాడు.

“వదినె, నాకు నీ మీద పగ లేదు. గని కులంల తెలుస్తే నన్ను పంచాయితి నడుమ నిలవెడ్తరు. నా బండ గూడ గుంజుకుంటే పిల్లలకేం పెట్టాలె?”

“అక్క ఏం జెయ్యలే, నేనే…” అని మల్లక్క ఏదో అనబోయింది. సమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇగ రాదు తియ్ రాయమల్లు. నేను జెప్తన్న గద.” తర్వాత మల్లక్క వైపు తిరిగింది. “చెల్లె, ఇగ రాకు.”

“గట్లెట్లంటవే?”

“మిషిని మంచిగైంది. సౌడు అక్కెర లేదు, ఇంకేం అక్కెర లేదు. పిల్లలు పైలం.”

మల్లక్క అక్కడే నిలబడిపోయింది. సమ్మమ్మ మాత్రం నిలబడలేదు. తొట్టిలో బట్టలు నానుతున్నాయని లోపలికి వెళ్లి స్విచ్ వేసింది.

రాయమల్లు గేటు వైపు నడిచాడు. మల్లక్క అతని వెనకాల నాలుగడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు నా కిటికీ దగ్గరికి వచ్చింది. చువ్వలు పట్టుకొని, లోగొంతుతో అడిగింది.

“ఆ మిషిని మల్ల ఖరాబైతదా?”

“కాదమ్మా. మిస్త్రీ మంచిగ చేసిండు.”

ఆమె తల ఊపింది. కొంగు నెత్తి మీదికి లాక్కొని మొగుడి వెంట వెళ్లిపోయింది.

మల్లక్క మళ్లీ ఆ అరుగు ఎక్కలేదు. పాండురంగం వేసిన తోలు వాషర్లు చాలా ఏండ్లు నిలిచాయి. సమ్మమ్మ మరచిపోకుండా వాటికి ఆముదం పట్టించేది.