ఈలగాడి ఫోను మోగిన చోటు

మా అక్క ఉద్యోగం చప్పుళ్లు చెయ్యడం. నవ్వకండి, దానికి జీతమిస్తారు. వీడియో గేముల్లో ఎవరైనా మెట్లు దిగినా, తలుపు కిర్రుమన్నా ఆ చప్పుడు మా అక్క చేసిందే. పాత చెప్పులు, తడిగుడ్డలు, పుటుక్కున విరవడానికి కీరదోసకాయలు ముందేసుకుని కూర్చుంటుంది. పక్షి రెక్కల చప్పుడు కోసం నా కొత్త గొడుగుని బలి చేసింది. అడిగితే నాకే చీవాట్లు.

అలాంటి మనిషి ఆ వారమంతా కంచం ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంది.

వాళ్ల కంపెనీ చేస్తున్న గేము మా మార్కెట్లో కొన్నేళ్ల కిందట జరిగిన కాల్పుల మీద. ఆ రోజు పోయినవాళ్లలో మా బాబాయి కొడుకు ఉన్నాడు. ఎప్పుడూ ఈల వేస్తుంటాడని ఈలగాడు అనేవాళ్లం. తన ఈలనే ఫోను రింగుగా పెట్టుకుని, గొప్పగా మా ఫోన్లకీ పంపాడు. ఆ సాయంత్రం వాళ్లమ్మ, మా పిన్ని, వాడికి ఫోన్ చేస్తూనే ఉంది. మార్కెట్లో ఆ ఈల మోగుతూనే ఉందట.

"జనం చావుతో ఆటలేంటక్కా? సిగ్గులేదా మీకు?" అని నేను ముందే ఎగిరాను.

"ఇందులో ఆడేవాళ్ల చేతికి తుపాకీ రాదే. జనాన్ని బయటికి చేర్చడమే ఆట. ఎలాగూ ఎవరో ఒకరు చేస్తారు, మనసున్నవాళ్లు చేస్తే మేలు కదా," అంది. నాకైతే మింగుడుపడలేదు.

అక్కకో అలవాటుంది. సరైన చప్పుడు దొరికేదాకా తన ఫోనులో ఏదుంటే అది అతికించి, తర్వాత మారుస్తుంది. గేములో కాల్పులు ఆగాక, ఖాళీ మార్కెట్లో ఎవరిదో ఫోను మోగే చోట ఈలగాడి ఈల పెట్టింది. మార్చడం మర్చిపోయింది. వాళ్ల పెద్దసారు అది విని కళ్లు తుడుచుకున్నాడు. "గేముకి ప్రాణమే ఇదమ్మా, తియ్యొద్దు," అన్నాడు. అది ఎవరి ఈలో చెప్పాక కాస్త తగ్గి, "అయితే వాళ్లమ్మగారిని అడుగు. వద్దంటే తీసేద్దాం," అన్నాడు.

అడగాలంటే వినిపించాలి. పిన్ని అసలే ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషి. మా పై వాటాలోనే ఉంటుంది. అక్క మెట్లెక్కడం, సగంలో దిగిపోవడం, మళ్లీ ఎక్కడం.

"చెప్పకుండా తీసెయ్యక్కా, పీడా పోతుంది."

"వాడి ఈల నలుగురూ వినాలని పిన్నికి ఉందేమో. తేల్చడానికి నేనెవర్నే?"

నాకూ భయమేసింది. అందుకే వెంట వెళ్లాను.

పిన్ని బట్టలు మడతపెడుతోంది. అక్క తడబడుతూనే అంతా చెప్పింది. "ఏదీ, పెట్టు," అంది పిన్ని. అక్క ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించింది. పిన్ని ముఖం మీదికి చిన్న నవ్వొచ్చింది. అమ్మయ్య అనుకున్నాను.

పిన్ని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. "ఆడేవాళ్లు ఆ ఫోను ఎత్తొచ్చా?"

"లేదు పిన్నీ. కాసేపు మోగి ఆగిపోతుంది."

"అవతలి నుంచి చేస్తున్నదెవరు?"

"ఎవరూ లేరు. ఉత్త చప్పుడే."

"నేనే కదే," అంది పిన్ని.

అక్క హెడ్‌ఫోన్స్ ఒళ్లోకి తీసుకుంది.

"మళ్లీ మొదట్నుంచి ఆడితే?"

"మళ్లీ మోగుతుంది."

"ఎవరాడినా?"

"ఎవరాడినా, పిన్నీ."

పిన్ని మడిచిన చొక్కానే విప్పి మళ్లీ మడిచింది. "తీసెయ్ తల్లీ. అన్నిసార్లు నేను చెయ్యలేను."