గోడ మీద ఉద్యోగాలు

నీలం పొడి పట్టించిన దారాన్ని ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస బిగించి, స్టీవెన్ వేలితో లాగి వదిలేడు. తెల్లటి కాలేజీ ప్రహరీ మీద టప్పున గీత పడింది. చర్చి గోడల మీద వాక్యాలు రాసే మేనమామ కృపానిధి దగ్గర సెలవుల్లో నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు కూడు పెడుతున్నదీ ఇదే. నాలుగేళ్లు కంప్యూటర్ ఇంజినీరింగు చదివింది మాత్రం ఈ ప్రహరీ లోపలే. మొదటి బ్యాచి. దుమ్ము పడుతుందని కంప్యూటర్ల గదికి తాళం వేసి ఉంచేవారు. తనిఖీకి ఎవరైనా వస్తే తీసేవారు.

సాఫ్ట్‌వేరు కంపెనీలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపేస్తున్న రోజులవి. కాలేజీ కరస్పాండెంటు సూర్యనారాయణగారు జంకలేదు. పైన ‘వంద శాతం ఉద్యోగాలు’ అనీ, కింద మొదటి బ్యాచి పేర్లూ రాయమన్నారు.

“పేర్ల పక్కన ఏం రాయమంటారు సార్?”

“ఉద్యోగాలోయ్! అన్నీ నేనే చెప్పాలా? బాగున్నవి చూసి రాసెయ్. నీ పేరు కూడా వేసుకో. బాగా కుదిరితే ఊళ్లో మన గోడలన్నీ నీకే,” అని కారెక్కి విశాఖపట్నం వెళ్లిపోయేరు.

పేర్లు పూర్తయ్యేసరికి మునగపాక రైతు పోతురాజు వచ్చేడు, కూతురు దివ్యకి సీటు కోసం.

“ఏటి బాబూ, ఈల్లందరికీ ఉజ్జోగాలే?”

“అలాగే రాయమన్నారు మావా.”

“సెరుకు సేను బేరం పెట్టేను. సాయంత్రం బయానా పుచ్చుకోవాల. ఎవుడికే కొలువో నువ్వు రాసేక సూసి మరీ ఎల్తాను,” అని గోడకెదురుగా చతికిలబడ్డాడు. “ఈ స్టీవెనెవుడో గాని, హైదరాబాదులో మేడ కట్టేసుంటాడు.”

“లేదు మావా, నిచ్చెన మీదున్నాడు.”

పోతురాజు పకపకా నవ్వి, సగంలో ఆగిపోయేడు.

స్టీవెన్ బ్రష్ ముంచేడు. పెద్ద పెద్ద కంపెనీల పేర్లు చేతి కొసనే ఉన్నాయి. అబద్ధమైనా అక్షరం అందంగానే వస్తుంది, అదే చిక్కు. ఊళ్లో గోడలన్నీ కూడా ఓసారి కళ్లముందు తిరిగేయి. కింద చూస్తే పోతురాజు రెప్ప వెయ్యడం లేదు.

రాసేడు. రోజలిన్: ఎస్టీడీ బూత్. నితీష్: మందుల షాపులో కుర్రాడు. సురేష్ బాబు: బావమరిది లారీకి క్లీనరు. స్టీవెన్: గోడల పెయింటరు. అలా చివరి పేరు దాకా. ఎవడూ ఖాళీగా లేడు. వంద శాతానికి ఎక్కడా భంగం రాలేదు.

పోతురాజు కూడబలుక్కుని అంతా చదివి, లేచి తువ్వాలు దులిపేడు.

“లెక్కలంటే ఇట్టం, బియ్యస్సీకి ఎల్తానంది మా దివ్య. నానే తిట్టేను,” అంటూ మునగపాక ఆటో ఎక్కేసేడు.

చీకటిపడే వేళకి సూర్యనారాయణగారి కారు వచ్చి ఆగింది. ఆయన చదివేరు. మళ్లీ చదివేరు.

“ఇదేంట్రా!”

“ఉద్యోగాలు సార్.”

కిరసనాయిల్లో బ్రష్షులు కడుక్కుని, కాలేజీ నిచ్చెన వాచ్‌మన్‌కి అప్పగించి, మిగిలిన రంగు డబ్బా ఆయన కాళ్ల దగ్గర పెట్టేడు స్టీవెన్.

“పనైపోయింది సార్. ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనీకండి.”