ఎస్ ఫర్ సక్రం

మా షాపులో ఫోను బిల్లు తగ్గింది తాళం వల్లేనని ఇప్పటికీ చెబుతారు. డయలుకి చిట్టి తాళం వేసి, చెవి యజమాని జేబులో పడేసుకోగానే ఖర్చు దిగిపోయిందట. తాళం వల్లా, నా మొహం! తాళం వేసిన ఫోనుకి రిసీవరు పెట్టే క్రెడిల్ టకటకా కొట్టి నంబరు కలపడం మా వీధిలో ఎవరికి రాదు? నేనూ కొట్టాను.

అప్పటికి డెబ్భైలు ముగుస్తున్నాయి. పాతనగరంలో ఓడలకీ ట్రాలర్లకీ తాళ్లూ గొలుసులూ రంగులూ అమ్మే షాపు. యజమాని ఒక సాయిబుగారు. మా నాన్న పోర్టు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వస్తే, నేను ఇక్కడే బి.ఏ. చదివి అందులో టైపిస్టుగా చేరాను. వచ్చిన ఫోనుకి జవాబు చెప్పడం కూడా నా పనే. ఫోన్లు చేసేది మాత్రం ఇక్కడే పుట్టి పెరిగిన, కంచరపాలెం నుంచి వచ్చే స్టోరుకీపరు. ఆయన డైరెక్టరీని ఎత్తు కోసం స్టూలు మీద వేసుకుని కూర్చునేవాడు. నంబర్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఎంక్వైరీని అడిగేవాడు. వాళ్లు చెప్పిన నంబరుకి ట్రంక్ కాల్ బుక్ చేస్తే అవతల మరెవరో పలికేవారు. బిల్లు మాత్రం మాకే పడేది.

ఓ నెల సాయిబుగారు నన్ను పిలిచారు.

"ఫోను తీయించేస్తున్నా బేటీ. ఫోనే లేకపోతే నీకిక్కడ పనేముంది? వేరే చోట చూసుకో."

తప్పెక్కడుందో పట్టుకుంటాను, పై బిల్లు దాకా ఆగమని వాదించాను. ఆగుతానన్నారు గాని, తాళం తెచ్చి వేసేశారు.

మర్నాడే ఎలమంచిలిలో ఓ కొబ్బరితాళ్ల కంపెనీ నంబరు మళ్లీ కావలసివచ్చింది. దాని పేరు చక్రంతో మొదలవుతుంది. స్టోరుకీపరు క్రెడిల్ కొట్టి ఎంక్వైరీని కలిపాడు. నేను టైపు ఆపి చెవులు రిక్కించాను. అవతల స్పెల్లింగ్ అడిగినట్టున్నారు. దర్జాగా చెప్పాడు:

"ఎస్ అండీ. ఎస్ ఫర్ సక్రం."

కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఆయన్ని స్టూలు మీంచి లెమ్మన్నాను.

"ఏటైంది టైపిస్టమ్మా, పామేటి?"

"పాము కాదు, సి! సి ఫర్ చక్రం!"

"నానూ అదే కదా అన్నాను. సక్రం."

డైరెక్టరీ లాక్కుని సి తిరగేశాను. ఉంది! ఎస్‌లో అలాంటి పేరుతోనే ఉన్నది ఓ బెల్లం వ్యాపారి. తాళ్లు పంపమని మేం ఇన్నాళ్లూ ప్రాణం తీసింది ఆ పెద్దమనిషిదన్నమాట. నాకిక నవ్వాగలేదు, చేతులు ఆగలేదు. చ-తో మొదలయ్యే ప్రతి ఖాతాదారుణ్ణీ వెతికాను. అందరూ సి-లోనే ఉన్నారు, హాయిగా! ఓడలకి వేసే ఎర్ర రంగు డబ్బా అడుగున మిగిలింది గీకి, గోడౌను తలుపు లోపలివైపు పేర్లూ నంబర్లూ బారెడేసి అక్షరాలతో రాసేశాను. ఆ తలుపు చూడకుండా ఫోను ముట్టుకుంటే ఊరుకోనని స్టోరుకీపరుకి చెప్పాను. ఇక ఎంక్వైరీని అడగాల్సింది కొత్తవాళ్ల నంబర్లే, అదీ నేనే.

పై బిల్లు వచ్చింది. సాయిబుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. తర్వాత ఏం చేశారు? ఆ తాళాన్ని కళ్లకద్దుకున్నారు! తలుపు చూపించి ఎంత వాదించినా నవ్వి ఊరుకున్నారు. పోనీండి, ఫోను నిలిచింది, నేనూ నిలిచాను.

కొన్నాళ్లకి నేనేదో నంబరడిగితే, ఎంక్వైరీలో ఉన్నావిడ షాపు పేరు విని గుర్తుపట్టింది.

"ఏటండీ, మీ సక్రం బాబు ఇప్పుడు ఫోన్ సెయ్యడం మానేసినారేటి?"

అంటే ఆవిడా ఇక్కడి మనిషే. ఆవిడ నోటా చక్రం సక్రమే. మరి ఇన్నాళ్లూ అది సి అని తెలియక ఎస్‌లో వెతికిందా, తెలిసీ ఊరుకుందా?