దూది, తీగ, బ్యాటరీ

ఈ సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో నా బ్యాగు ఆపేశారు. సెక్యూరిటీ ఆమె లోపలివన్నీ తీసి బల్లమీద పెట్టింది. దూది పొట్లం, చుట్టిన సన్నని తీగ, బ్యాటరీ, ఒక లోహపు గొట్టం. నా వెనక నిలబడ్డ పెద్దాయన గబగబా దూరం జరిగారు.

"ఏందన్నా గివన్నీ?"

"ఈ-సిగరెట్‌కి మేడమ్. తీగ చుట్టలో దూది వత్తి దూర్చి, నికోటిన్ లిక్విడ్‌తో తడిపి, బ్యాటరీతో వేడిచేసి ఆ ఆవిరి పీలుస్తాను. బ్లీచ్ లేని దూది కోసం పంజాగుట్టంతా తిరిగాను."

"గది బ్యాన్ కదా! పోలీసోళ్లను పిలవాల్నా?"

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, గొట్టమూ తీగా బ్యాటరీ తీసి పక్కన పెట్టేసింది. దూది మాత్రం నా చేతికిచ్చింది.

"జర ముఖం తుడుచుకో అన్నా, చెమటలు కారుతున్నయ్."

అంత వెతికి కొన్న దూది, చెమటను మాత్రం భలే పీల్చింది. ఇక మానేస్తానంటే మీలో ఎంతమంది నమ్ముతారు?