మరియమ్మవ్వ హోటల్‌కి ట్యాగు

బేస్తవారిపేట రోడ్డు పక్కనున్న మరియమ్మవ్వ రేకుల హోటల్‌ని రేపు పొద్దున తీసేస్తున్నారు. రోడ్డు వెడల్పు చేస్తారట. ఆ సంగతి మధ్యాహ్నం తెలిసి, ఉన్నపళంగా బండేసుకుని వెళ్లాను. రెండు దోసెలు తిని, పొయ్యి దగ్గర దోసెలు వేస్తున్న అవ్వను ఫొటో తీసి, ఇదే ఆఖరి రోజని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. రెండేళ్ల కింద ఆ హోటల్‌కి పేజీ తెరిచింది నేనే. తెరిచి మర్చిపోయిందీ నేనే.

"అవ్వా, నీ హోటల్‌ని ట్యాగ్ చేసినా," అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

పెనం తుడుస్తున్న అవ్వ చెయ్యి ఆగింది. హోటల్ పెట్టకముందు ఆమె చాలా ఏళ్లు గొర్రెలు కాసింది. ట్యాగు అంటే ఆమెకు తెలిసింది ఒకటే, ఇన్సూరెన్సు కోసం గొర్రె చెవికి గుచ్చే బిళ్ల.

"ఇప్పుడేంటికి నాయనా ట్యాగు? బతికుండంగ వెయ్యాల గదా. చచ్చినాక వేస్తే ఎవురొప్పుకుంటారు?" అంది.

ఇది ఆ ట్యాగు కాదవ్వా అని నవ్వుతూ చెప్పబోయాను. చెప్పకుండానే దోసెల డబ్బులు బల్ల మీద పెట్టి లేచాను. అవ్వ మళ్లీ పెనం తుడుచుకుంది.

ఇంటికొచ్చి చూస్తే పోస్టు నిండా లైకులు. రాసింది చదవకుండా ఫొటో మాత్రమే చూసిన ఒకాయన, "దోసెలు నోరూరిస్తున్నాయండీ, ఆదివారం ఇంటిల్లిపాదీ వస్తాం. తెరిచే ఉంటుంది కదా?" అని అడిగాడు.

ఆయనకేం జవాబు రాయాలో మీరైనా చెప్పండి.