పనసపాలు అంటిన చేతులు

నా చిన్నప్పుడు, తిరుత్తణిలో మేముండే నేతవీధిలో, మా ఇంటికీ పక్కింటికీ తిట్లు తప్ప మాటలుండేవి కావు. పక్కింటి అత్తవాళ్ళ పెరట్లో ఒక పనసచెట్టుండేది. దాని వేళ్ళు గోడ కిందినుంచి మా మగ్గం గుంటలోకి చొచ్చుకొచ్చి నేలను పగలగొట్టాయి. చెట్టు కొట్టెయ్యమని మా అవ్వ అడిగింది. కాసే చెట్టును కొట్టేది లేదని అత్త తెగేసి చెప్పింది. అప్పటినుంచి అవ్వ ఆ చెట్టునూ, ఆ ఇంటినీ, చివరికి ఆ ఇంట్లో వండే పనసకాయ కూర వాసననూ తిట్టేది.

ఒక వేసవి మధ్యాహ్నం అత్తవాళ్ళు కడంబత్తూరులో చుట్టాలింటికి పోయారని తెలిసి, అవ్వ నా చేతికి కొడవలి ఇచ్చింది.

“గోడ దూకి పొయ్యి పిందెలన్నీ కోసి పారేసి రా పాపా. ఒగటి గూడా మిగలగూడదు.”

నాకు పదేళ్ళు. అవ్వ కోపమే నా కోపం అనుకునే వయసు. మాను మొదట్లో గుత్తులుగా ఉన్న పిందెల్ని ఒక్కటి వదలకుండా కోశాను. తెగిన చోటల్లా తెల్లటి పాలు కారి మోచేతుల దాకా అంటుకున్నాయి. తొట్టి నీళ్ళతో కడిగితే పోలేదు. మట్టి రుద్దితే ఇంకా బంకలా పట్టుకుని వేళ్ళు అతుక్కుపోయాయి.

అంతలో, ఊరినుంచి అనుకోకుండా ముందే తిరిగొచ్చిన అత్త పెరటి తలుపు తీసుకుని వచ్చింది. నేలమీది పిందెల్ని చూసి, ఏమీ అడక్కుండానే నా చెంప ఛెళ్ళుమనిపించింది.

“ఎవురు పంపించినారో నాకు తెలుసులే. ఆ ముసల్దానికి పిందెలేం చేసినాయి?”

ఏడుస్తూ గోడవైపు పరిగెత్తబోయాను. రెక్క పట్టుకుని ఆపి, నా చేతులు తిప్పి చూసింది.

“ఈ చేతుల్తో యాడికి పోతావు? మీ నాయన మగ్గం మీద తెల్లచీరుండాది. సాయంత్రం దానికి నూలు కండెలు చుట్టేది నువ్వే గదా?”

నిజమే. పట్టాభిరామ్‌లో ఒక క్రైస్తవుల పెళ్ళికూతురి కోసం నాన్న తెల్లచీర నేస్తున్నాడు. ఆ నూలు సంగతి నాకు అంతవరకూ తట్టనేలేదు.

అత్త నన్ను ఈడ్చుకెళ్ళి వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టింది. నువ్వులనూనె పోసి, ఒక్కొక్క వేలూ రుద్ది ఆ పాలు వదిలించింది. నూలుకు నూనె మరక కూడా కాకూడదని శీకాయపొడితో మూడుసార్లు కడిగింది. అంతసేపూ మా అవ్వనూ, మా వంశాన్నీ తిడుతూనే ఉంది. నేను కదిలితే “సుమ్మా ఉండు!” అని కసిరింది. చివరికి నా చేతుల్ని తెల్ల పంచె ముక్క మీద ఒత్తించి, మరక లేదని చూసుకుని, “పో. మళ్ళీ ఈ గోడ దూకితే కాళ్ళు ఇరగ్గొడతా” అంది.

ఇంట్లో అవ్వ నా చేతులు వాసన చూసింది.

“వాళ్ళింట్లో కడుక్కోనొచ్చినావా?”

జరిగింది చెప్పాను. అవ్వ నా చేతులు ఇంకోసారి తిప్పి చూసి, కండెలు చుట్టమని మగ్గం దగ్గరికి పంపింది. మర్నాడు పొద్దున మాత్రం గోడ దగ్గర నిలబడి తిట్లు మామూలుగానే మొదలుపెట్టింది. చీర ఒక్క మచ్చ లేకుండా పెళ్ళికి వెళ్ళింది. రెండిళ్ళూ అవ్వ పోయేదాకా కలవలేదు.

కోపంలో నాది అవ్వ పోలికే. ఈ వయసులోనూ గొడవ పడతాను, తిడతాను, ఏళ్ళ తరబడి మాటలు మానేస్తాను. కానీ ఎంత పగవాళ్ళదైనా, ఒకరి చేతిలో ఉన్న పనిని చెడగొట్టలేను. అది మాత్రం మా ఇంట్లో నేర్చుకున్నది కాదు.