ఉప్పు లేని వరుస

మా మేనత్తను నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చేనాటికి ఆవిడ బీపీ కోటప్పకొండ ఎక్కి కూర్చుని ఉంది. అది దిగితేగానీ ఇంటికి పంపననీ, దిగాలంటే ఉప్పు ముట్టకూడదనీ డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆవిడేమో మిరప కోతలు మొదలయ్యేలోగా గురజాల చేరాలని మంచం మీదే చెప్పులేసుకుని కూర్చుంది.

వార్డు బయట బీరువాకు పెద్దన్నలాంటి వెండింగ్ మిషన్ ఒకటుంది. మీట నొక్కితే పొట్లం పడుతుంది. నిండా చిప్సు, మసాలా పల్లీలు, కారప్పూస. బంగాళాఖాతాన్ని ఎండబెట్టినా అంత ఉప్పు రాదు. నేను మందులకెళ్లొచ్చేసరికి మా అత్త చిప్సు పొట్లంతో పట్టుబడింది.

"ఏందత్తా ఇది?"

"ఆకలైతే ఏం తినమంటావురా, దిండు కొరకనా?"

న్యాయమైన ప్రశ్నే. ఆవిడ తినదగింది అందులో ఒక్కటీ లేదు. ఆ మిషన్‌ను మార్చందే ఊరుకోకూడదని అక్కడికక్కడే తీర్మానించుకుని, దాన్ని నింపే క్యాంటీన్ యజమానిని పట్టుకున్నాను.

"ఉప్పు లేని శనగలు, పల్లీలు ఒక్క వరుస పెట్టవయ్యా."

"చప్పిడియ్యి ఈడ ఎవురు తింటారు సార్? అమ్ముడుబోక ఏయించినయ్యి గూడా మొలకలొస్తయ్."

పొద్దున ఇడ్లీ దగ్గర అడిగాను. మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను. టీ దగ్గర అడిగాను. నన్ను చూస్తే తనకే బీపీ వస్తోందని చివరికి ఒప్పుకున్నాడు.

పెట్టింది పెట్టినట్టే ఖాళీ! వార్డంతా శనగలు నమిలే చప్పుడుకు ఎక్స్‌రే గదిలో ఎముకలు చెదిరిపడ్డాయంటే నమ్మండి. నేను మీసం తిప్పాను. అత్త బీపీ మాత్రం ఒక్క మెట్టూ దిగలేదు.

అనుమానమొచ్చి దుప్పటి ఎత్తితే, శనగల పక్కన నల్లకారం సీసా! రోగిని చూడవచ్చేవాళ్లు నోటి చేదు పోవడానికని నల్లకారం తేవడం మావైపు మర్యాద. అది మాకు మందు కిందే లెక్క. చూస్తే వార్డులో దిండుకొక సీసా ఉంది.

"ఉప్పు తినొద్దన్నారు గదత్తా!"

"ఉప్పేడుందిరా? ఇది పథ్యం కారం."

"మరి దంచేటప్పుడు దాంట్లో ఏసిందేంది, పంచదారా?"

మా అత్త ఆలోచనలో పడింది. నాకు తెలిసి ఆవిడకదే మొదటిసారి.

సీసా నా సంచిలో వేసుకున్నాను. ఉప్పు వెయ్యకుండా మళ్లీ దంచించి తెచ్చి, నిమ్మచెక్క పిండి, శనగల్లో కలిపిచ్చాను.

"ఇది కారమా, ఇటుకపొడా?"

"గురజాల బస్సు టికెట్టు. నములు."

నమిలింది. ప్రతి శనగనూ నా తలకాయనుకుని నమిలింది. బీపీ మొండికేస్తూ, ఆగుతూ, ఒక్కో మెట్టే దిగింది.

డాక్టరు ఇక వెళ్లొచ్చన్న రోజున అత్త సంచి భుజానేసుకుని నేరుగా మిషన్ దగ్గరికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. ఆవిడ చిప్సుకేసి చూసింది, నాకేసి చూసింది, శనగల మీట నొక్కింది.

"బస్సులోనే తినేస్తాన్రా. చేలో కూలోళ్ల ముందు ఈ చప్పిడియ్యి నమిల్తే నా పరువేం గావాలి?"